కొంచెం అడ్జస్ట్ చేసుకోండి

అడ్జస్ట్ అనే మాట ఇంగ్లీషుదని అందరూ అనుకుంటారు గానీ దాని పుట్టిల్లు లాటిన్. అక్కడ 'జుక్స్టా' అంటే దగ్గర. దగ్గరికి చేర్చడమే ఈ మాట అసలు అర్థం. దారిలో ఎవరో దీనికి, న్యాయమైన అని అర్థమిచ్చే 'జస్టస్'తో లేని చుట్టరికం కలిపారు. ఇంగ్లీషువాళ్లు ఇప్పుడు అద్దాలు, కుర్చీ ఎత్తులు సరిచేసుకోవడానికి వాడుకుంటున్నారు. అసలు అర్థాన్ని కాపాడుతున్నది మన పల్లెవెలుగు బస్సు ఒక్కటే.

ముగ్గురి సీట్లో ముగ్గురూ కూర్చునే ఉంటారు. నాలుగో ఆయన వచ్చి "కొంచెం అడ్జస్ట్ చేసుకోండి సార్" అంటాడు. మాట పూర్తయ్యేలోపే సగం కూర్చుంటాడు. కిటికీ పక్కనాయన ఊపిరి బిగబడతాడు, మధ్యలో ఆయన ఒక భుజం ముందుకు తోస్తాడు, చివరాయన ఒక కాలు దారిలోకి దించుతాడు. అందరూ జుక్స్టానే. జస్టస్ మాత్రం ఆ సీట్లో ఎక్కడా కనబడదు.

రైల్వేవారు దీనికే ఆర్ఏసీ అని పేరు పెట్టి, స్లీపర్‌లో ఒక సైడ్ లోయర్ బెర్త్ ఇద్దరికి రాసిస్తారు. కాళ్లు ముందు ఎవరు చాపుకోవాలో టికెట్ మీద ఉండదు.

డబ్బు దగ్గరికొస్తే వ్యాకరణం మారిపోతుంది. "ఓ ఐదు వేలు అడ్జస్ట్ చెయ్యి బావా" అంటే అప్పు. నెల తిరిగాక అడిగితే "ఇంకా అడ్జస్ట్ కాలేదు బావా" అంటాడు. తీసుకునేటప్పుడు సకర్మక క్రియ, తిరిగివ్వాల్సినప్పుడు అకర్మకం. చెయ్యడానికి మనిషి కావాలి, కాకపోవడానికి ఎవరూ అక్కర్లేదు.

మనుషుల విషయంలో మాత్రం ఈ క్రియకు ఉత్తమ పురుష లేదు. అడిగేవాడు ఎప్పుడూ అడ్జస్ట్ కాడు, ఎదుటివాడే కావాలి. ఆ ఎదుటివాళ్లలో మొదటి వరస అత్తారింటికి వెళ్లే పిల్లది. "కొత్తలో కాస్త అడ్జస్ట్ అవ్వాలి తల్లీ" అని అప్పగింతల్లోనే చెవిన వేస్తారు. ఆ కొత్త ఎన్నాళ్లుంటుందో చెప్పరు. మనవలు పుట్టినా కొత్త తీరని ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

అల్లుడికి చెప్పరని కాదు, చెబుతారు. విడిదింట్లో గీజర్ పనిచేయకపోతే మామగారే స్వయంగా వచ్చి, చేతులు కట్టుకుని, "ఈ ఒక్క పూటకీ అడ్జస్ట్ చేసుకోండి బాబూ" అంటారు. ఆ మాటకే మగపెళ్లివారు అలిగి, మధ్యాహ్నం దాకా టిఫిన్లు ముట్టరు.