చెంబులో సజాతీయ మిశ్రమం

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మిశ్రమాలను వేరుచేసే పాఠం అర్థం కాలేదనగానే, ఎప్పుడో పరీక్ష రాసి మరచిపోయిన రసాయనశాస్త్రం నాలో ఒక్కసారిగా పొంగింది. ఇంటావిడ రైతుబజారుకు వెళ్ళింది కనుక వంటగదికి అడ్డులేదు.

ఇసుక కోసం వెతకవలసిన పని లేదు. ముందురోజు రామకృష్ణా బీచ్ నుంచి పిల్లల చెప్పులతోపాటు వచ్చింది గుమ్మం దగ్గర దోసెడు ఉంది. అందులోని ఇల్మనైటు అనే ఖనిజపు నల్లటి రేణువులను చూపించి, ఇసుకే ఒక విజాతీయ మిశ్రమమని చెప్పాను. దానికి పూజగదిలోని కర్పూరం కలిపాక, ఉప్పు జాడీ తెరిస్తే విశాఖ ఉక్కకు ఉప్పంతా ముద్దకట్టి ఉంది. శుద్ధమైన సోడియం క్లోరైడు అంత తేలికగా చెమ్మగిల్లదనీ, అందులో మిగిలిపోయే మెగ్నీషియం క్లోరైడే గాలిలోని తేమను లాగుతుందనీ, కాబట్టి ఉప్పు కూడా పరమ శుద్ధ పదార్థమేమీ కాదనీ వివరిస్తూ, గరిటె కాడతో గీకి అయిదారు చెంచాలు వేశాను.

మూకుడును సన్నని సెగ మీద పెట్టి, గరాటు బోర్లించి, దాని మూతికి దూది కుక్కాను. కర్పూరం ద్రవంగా మారకుండానే ఆవిరై, గరాటు లోగోడలకు తెల్లగా పేరుకుంది. ఉత్పతనం అంటే ఇదేనని చెబుతుండగా, దూది సందుల్లోంచి తప్పించుకున్న వాసనకు మా అమ్మ చేతులు జోడించుకుంటూ వచ్చి, హారతి పళ్ళేనికి బదులు మూకుడు కనబడేసరికి నొచ్చుకుని వెళ్ళిపోయింది.

మిగిలినదాన్ని అర లీటరు నీళ్ళలో కలిపి, పాత పంచె ముక్కతో వడకడితే ఇసుక గుడ్డలో నిలిచింది. తేటనీరు చెంబులోకి దిగింది. "ఇది సజాతీయ మిశ్రమం. ఇందులో ఉప్పుందని ఎంతటివాడూ కంటితో చూసి చెప్పలేడు" అని ప్రకటించి, నీటిని ఇగిర్చి ఉప్పును రాబట్టే ఆఖరి ఘట్టానికి ముందు కాస్త నడుం వాల్చాను.

సరిగ్గా అప్పుడే శ్రీకాకుళం నుంచి మా బావగారు దిగారు. ఆయన వెనకే వచ్చిన ఇంటావిడ, స్టవ్ పక్కన సిద్ధంగా ఉన్న నీళ్ళను కాచి డికాక్షన్ దించింది. ఆ నీళ్ళు ఉప్పు వల్ల 100 డిగ్రీల మీద మరో డిగ్రీ తీసుకుని మరిగాయని ఆమెకు తెలిసే అవకాశం లేదు. సముద్రపు నీటిలో సగటున లీటరుకు 35 గ్రాముల లవణాలుంటే, మా చెంబులో 60 గ్రాముల లెక్కన ఉంది.

ఎంతైనా ఇంటి అల్లుడు కదా, బావగారు మొదటి గుక్క మింగి, కాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూసి, రెండోది కూడా మర్యాదగానే మింగారు. "కాఫీ తీర్థంలా ఉంది చెల్లెమ్మా" అన్నారు చివరికి. ఆమె తన గ్లాసు రుచి చూసి, మూకుడును, గరాటును, గుడ్డలోని ఇసుకను, ఆ తరువాత నన్ను వరుసగా చూసింది.

ఇంతలో అమ్మాయి నోటుపుస్తకంతో వచ్చి, "ఇసుక వచ్చింది, కర్పూరం వచ్చింది, మరి ఉప్పేది నాన్నా?" అని అడిగింది.

"మీ మావయ్య దగ్గరుంది" అంది వాళ్ళమ్మ, నా మీదనుంచి చూపు తిప్పకుండానే.