బిజినెస్ డిగ్రీకి పారాలీగల్ శిక్షణ ఎందుకు తోడు కావాలి?

బీకాం, బీబీఏ పాఠ్యప్రణాళికల్లో వ్యాపార చట్టాల పేపరు ఎప్పటి నుంచో ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం వంటి నిర్వచనాలను విద్యార్థులు చదువుతారు, పరీక్షలో రాస్తారు, ఉత్తీర్ణులవుతారు. ఉద్యోగంలో చేరాక, కొనుగోలుదారు ఇచ్చిన చెక్కు బౌన్స్ అయిందంటూ బ్యాంకు పంపిన మెమో చేతికి వచ్చినప్పుడు మాత్రం ఏం చేయాలో వారిలో చాలామందికి తెలియదు. ఆ సమాచారం అందిన 30 రోజుల్లోగా లిఖితపూర్వకంగా నోటీసు పంపాలని, అది అందిన నాటి నుంచి చెల్లింపునకు 15 రోజులు ఆగాలని, ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు చేయాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెబుతోంది. ఈ లెక్క తెలియక మెమోను ఫైలులో పెట్టి ఊరుకుంటే, న్యాయవాది దగ్గరకు వెళ్లేసరికే గడువు దాటిపోతుంది.

బిజినెస్ డిగ్రీలో పారాలీగల్ శిక్షణను, అంటే న్యాయవాదికి సహాయంగా చట్టపరమైన కాగితాల పని చేయడం నేర్పే శిక్షణను, అంతర్భాగం చేయాలని నేను కోరడానికి కారణం ఇదే. వ్యాపారంలో ఖాతాల కాగితం, కేసుల కాగితం అని రెండు వేర్వేరుగా ఉండవు. ఏటా మార్చి నెలాఖరున బాకీ ఉన్న కొనుగోలుదారుల నుంచి తీసుకునే బాకీ నిర్ధారణ పత్రాన్నే చూడండి. అకౌంటెంటుకు అది ఆడిట్ కోసం కావలసిన కాగితం. కానీ 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, సరుకు అమ్మిన సొమ్ము రాబట్టుకోవడానికి ఉన్న మూడేళ్ల గడువు ముగియకముందే బాకీదారు సంతకం చేసి ఒప్పుకుంటే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కలోకి వస్తాయి. అంటే ఒక్క సంతకం, దాని కింద వేసిన ఒక్క తేదీ, రావలసిన లక్షల రూపాయలను కాపాడగలవు. ఆడిట్ తెలిసినవారికి ఆ పత్రం విలువ సగమే తెలుస్తుంది, చట్టం మాత్రమే తెలిసినవారికి అది ఏ ఫైలులో ఉందో తెలియదు.

చిన్న పరిశ్రమల బకాయిల విషయంలో ఈ అవసరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బాలానగర్‌లో విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఒక పెద్ద కంపెనీకి సరుకు సరఫరా చేసిందనుకుందాం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి (ఎంఎస్‌ఎంఈడీ) చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా సరుకును అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకుండా కొనుగోలుదారు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. సరుకు అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే అంగీకరించినట్టు పరిగణిస్తారు. ఇలాంటి బకాయిల వివాదాలను పరిష్కరించే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందు ఇదంతా నిరూపించాలంటే పర్చేజ్ ఆర్డరు, తేదీతో సంతకం చేసిన డెలివరీ చలానా, ఇన్వాయిస్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ప్రభుత్వం వద్ద చిన్న పరిశ్రమగా నమోదైన పత్రం) వరుసగా చేతిలో ఉండాలి. వాటిని మొదటి రోజు నుంచే భద్రపరచగలిగేవాడు ఆ సంస్థలో పనిచేసే గ్రాడ్యుయేటే. వివాదం మొదలయ్యాక వచ్చే న్యాయవాది లేని చలానాను సృష్టించలేరు.

విదేశాల్లో ఈ కలయికకు చట్టబద్ధమైన దారులు ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఏ సబ్జెక్టులోనైనా బ్యాచిలర్ డిగ్రీ ఉండి, న్యాయవాది పర్యవేక్షణలో కనీసం ఏడాది పనిచేసి, ఆ న్యాయవాది నుంచి రాతపూర్వక ధ్రువీకరణ పొందినవారు పారాలీగల్ అనిపించుకోవచ్చు. అయితే వారు న్యాయ సలహా ఇవ్వకూడదు. కెనడాలోని ఒంటారియో మరింత ముందుకు వెళ్లి, 2007 నుంచి పారాలీగల్స్‌కు లైసెన్సులు ఇస్తూ, చిన్న మొత్తాల వివాదాలు విచారించే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో స్వయంగా వాదించే అవకాశం కల్పించింది. మన దగ్గర ఇలాంటి వృత్తి చట్టం ఏదీ లేదు. తరతరాలుగా ఈ పని చేస్తున్నది ప్లీడరు గుమాస్తాలు. వాయిదాలు, కోర్టు ఫీజులు, నకళ్ల దరఖాస్తుల గురించి వారికున్న అనుభవజ్ఞానం ఏ కళాశాలలోనూ దొరకదు. జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ 2009లో తెచ్చిన పారా లీగల్ వాలంటీర్ల పథకం ఎంతో విలువైనదే అయినా, దాని లక్ష్యం పేదలకు న్యాయ సేవలు అందించడం, వాణిజ్య సంస్థలకు సిబ్బందిని తయారుచేయడం కాదు.

ఇక్కడ ఒక హద్దును నిక్కచ్చిగా చెప్పాలి. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం నమోదైన న్యాయవాదులు మాత్రమే ప్రాక్టీసు చేయాలి, కోర్టులు తదితర అధికార సంస్థల ముందు అనర్హులు ప్రాక్టీసు చేస్తే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. న్యాయవాద వృత్తిలో కోర్టు వాదనలే కాక సలహాలివ్వడం, పత్రాల రూపకల్పన వంటివి కూడా భాగమేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. అందువల్ల పారాలీగల్ సర్టిఫికెట్ పట్టుకుని బయటివారికి రుసుము తీసుకుని సలహాలు ఇవ్వవచ్చని నమ్మించే శిక్షణ సంస్థ విద్యార్థిని ప్రమాదంలోకి నెడుతోంది. సంస్థలో కాగితాలను సమకూర్చడం, గడువులను గమనించడం, న్యాయవాదికి వాస్తవాలను సంక్షిప్తంగా రాసి ఇవ్వడం వరకే ఈ శిక్షణ పరిధి అని ప్రవేశ సమయంలోనే చెప్పాలి.

బిజినెస్ డిగ్రీకి చట్టపరమైన పనిలో గుర్తింపు ఇవ్వడం మన వ్యవస్థకు కొత్తేమీ కాదు. వ్యాపారుల తరఫున జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావడానికి కామర్స్, న్యాయశాస్త్రంతో పాటు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ పట్టభద్రులను కూడా నిబంధనలు అర్హులుగా గుర్తిస్తున్నాయి, పరీక్ష మాత్రం రాయాలి. ఆంధ్రప్రదేశ్ 2020-21లో డిగ్రీ కోర్సుల్లో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను ప్రవేశపెట్టింది. అందులో కొంత కాలాన్నయినా బీబీఏ విద్యార్థులు వాణిజ్య కేసులు చూసే న్యాయవాది కార్యాలయంలోనో, ఒక సంస్థ లీగల్ విభాగంలోనో గడిపేలా విశ్వవిద్యాలయాలు ఏర్పాటు చేయగలిగితే కొత్త డిగ్రీ పెట్టనక్కర్లేదు. వ్యాపార చట్టాల పేపరులో కూడా నిర్వచనాల ప్రశ్నలు తగ్గించి, ఒక ఇన్వాయిస్, ఒక చలానా, ఒక బ్యాంకు మెమో ఇచ్చి, ఏ గడువు ఏ రోజుతో ముగుస్తుందో రాయమనాలి. ఈ పాఠం చెప్పడానికి అనుభవం ఉన్న న్యాయవాదులతో పాటు సీనియర్ గుమాస్తాలను కూడా గౌరవ వేతనంతో తరగతి గదికి పిలవాలి.