కాలేజీ ఫిజిక్స్ హైస్కూల్ పిల్లలకు అందుతుందా?

హైస్కూల్ విద్యార్థులు కాలేజీ స్థాయి ఫిజిక్స్ చదవగలరా అని అడిగితే సాధారణంగా రెండే జవాబులు వినిపిస్తాయి. ఆసక్తి ఉంటే ఏదైనా చదువుతారనేది ఒకటి. ముందు ఉన్న సిలబస్ సరిగ్గా చదవమనండి అనేది రెండోది. కాలేజీ ఫిజిక్స్ అంతా ఒకే ముద్ద అన్నట్టు మాట్లాడటం ఈ రెండింటిలోనూ ఉన్న లోపం. అందులో కొన్ని అధ్యాయాలకు బడి బీజగణితమే సరిపోతుంది. మరికొన్నింటి దగ్గర డిగ్రీ రెండో ఏడాది వాళ్లు కూడా తల పట్టుకుంటారు.

ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతాన్నే తీసుకోండి. పేరు వింటేనే చాలామంది వెనకడుగు వేస్తారు. వేగంగా కదిలేవాటికి కాలం నెమ్మదించే సూత్రాన్ని రాబట్టడానికి మాత్రం కాంతి వేగం అందరికీ ఒకటేనన్న ప్రతిపాదన, పైథాగరస్ సిద్ధాంతం ఉంటే చాలు. రెండు అద్దాల మధ్య పైకీ కిందికీ తిరిగే కాంతి, ఆ అద్దాలు పక్కకు కదులుతుంటే బయటివాళ్లకు ఏటవాలుగా పోతున్నట్టు కనిపిస్తుంది. ఒక లంబకోణ త్రిభుజం గీస్తే మిగతాది రెండు మూడు వరుసల లెక్క. వాతావరణం పైపొరల్లో పుట్టే మ్యువాన్ అనే సూక్ష్మకణం సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. కాంతి వేగంతో పరుగెత్తినా అంతలో దాటేది 660 మీటర్లే. అయినా సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టిన మ్యువాన్లు నేలను చేరుతున్నాయంటే ఎందుకో ఆ విద్యార్థే లెక్క వేసి చెప్పగలడు. ఇక్కడి అసలు కష్టం, ‘ఒకేసారి’ అన్న మాటకు అందరికీ ఒకే అర్థం ఉండదని ఒప్పుకోవడంలో ఉంది. అది పదిహేనేళ్ల వాళ్లకూ ఇరవై ఏళ్ల వాళ్లకూ సమానమే.

విద్యుదయస్కాంతత్వం దగ్గర కథ తిరగబడుతుంది. విద్యుదావేశానికీ దాని చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రానికీ ఉన్న సంబంధం చెప్పే గాస్ నియమాన్ని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. ఉపరితలం మీద ఇంటిగ్రేషన్‌లో చేయి తిరగనివాళ్లు మాత్రం గోళం, స్థూపం అని రెండు నమూనాలు బట్టీపట్టి గట్టెక్కుతారు. విద్యుదయస్కాంతత్వానికి పునాది అయిన మాక్స్‌వెల్ సమీకరణాలు టీషర్టు మీద బాగానే ఉంటాయి, వాటితో ఒక లెక్క చేయమంటేనే ఇబ్బంది. అడ్డం వచ్చేది వయసు కాదు, గణితం.

కష్టానికీ సిలబస్‌కూ ఉన్న సంబంధం కూడా మనం అనుకున్నంత గట్టిది కాదు. 1967లో వార్సాలో మొదలైన అంతర్జాతీయ ఫిజిక్స్ ఒలింపియాడ్ ఇంకా యూనివర్సిటీ చదువు మొదలుపెట్టని వాళ్ల కోసమే. కాలిక్యులస్ వాడకం విస్తృతంగా అవసరం పడకూడదని దాని సిలబస్‌లో చాలాకాలం రాసి ఉండేది. అయినా ఆ ప్రశ్నలు డిగ్రీ చేసినవాళ్లకు చెమటలు పట్టిస్తాయి.

అందుకే కొత్త అధ్యాయాలకు పరుగెత్తడం కన్నా తెలిసిన అధ్యాయాన్ని లోతుగా తవ్వడం మేలని నా అభిప్రాయం. లఘులోలకం చూడండి. ఆవర్తన కాలం, అంటే లోలకం ఒకసారి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, దాని పొడవు మీద ఆధారపడుతుంది, ఎంత దూరం లాగి వదిలామన్న దాని మీద కాదు అని బడిలో చెబుతారు. ‘చిన్న కోణాలకు’ అన్న షరతు ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎంత చిన్న కోణం? 30 డిగ్రీల నుంచి వదిలితే ఆవర్తన కాలం ఆ సూత్రం చెప్పినదానికన్నా 1.7 శాతం ఎక్కువ. 60 డిగ్రీలకు 7 శాతం, 90కి 18 శాతం. కచ్చితమైన జవాబుకు ఎలిప్టిక్ ఇంటిగ్రల్ అనే పైస్థాయి గణితం కావాలి. హైస్కూల్ విద్యార్థికి ఆ పేరు కూడా తెలియక్కర్లేదు. స్ప్రెడ్‌షీట్ తెరిచి, సెకనులో వందో వంతు చొప్పున త్వరణం, వేగం, కోణం వరుసగా లెక్కగట్టుకుంటూ పోతే అదే సంఖ్య వస్తుంది. ఇందులో ఒక తమాషా ఉంది. కోణాన్ని అప్పుడే లెక్కగట్టిన కొత్త వేగంతో మారిస్తే లెక్క నిలబడుతుంది. అంతకు ముందు వరుసలోని పాత వేగంతో మారిస్తే లోలకం ఊపు దానంతటదే పెరిగిపోతుంది! లేని శక్తి ఎక్కడి నుంచి వచ్చిందని విద్యార్థి ఆగి ఆలోచించాలి. ఆ తర్వాత దారానికి బరువు కట్టి స్టాప్‌వాచ్‌తో సరిచూసుకోవచ్చు. మీటరు లోలకం చిన్న కోణానికి పది ఊపులకు 20 సెకన్లు తీసుకుంటుంది, 60 డిగ్రీలకు లెక్క ప్రకారం 21.5. గాలి వల్ల ఊపు తగ్గుతూ పోతుంది కాబట్టి కొలతలో తేడా కాస్త తక్కువే కనిపిస్తుంది. ఎంత తక్కువ, ఎందుకు అన్నది మరో వారం పని. ఇది నిఖార్సైన కాలేజీ ఫిజిక్స్.

వీడియో పాఠాలు చూసి క్వాంటం మెకానిక్స్ అర్థమైపోయిందనుకోవడం మాత్రం దానికింద లెక్కకు రాదు. ఈ భ్రమ పిల్లలదే కాదు. 1961-63లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో మొదటి రెండేళ్ల విద్యార్థులకు భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ చెప్పిన పాఠాలు ప్రపంచమంతా ప్రసిద్ధి. పరీక్షల్లో ఎక్కువమంది సమస్యలను ఎదుర్కొన్న తీరు చూసి, విద్యార్థుల కోణంలో తన ప్రయత్నం ఫలించలేదని ఆయనే రాసుకున్నారు. 1990ల్లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ గమనించింది ఇంకో కోణం: క్లిష్టమైన లెక్కలు చేసేసే విద్యార్థులు న్యూటన్ మూడో నియమం మీద మామూలు ప్రశ్నకు తడబడ్డారు. కాలేజీలో చేరినంత మాత్రాన కాలేజీ స్థాయి వచ్చేయదని దీన్నిబట్టి తెలుస్తోంది.

కాబట్టి పిల్లలు అడిగితే పుస్తకం ఇవ్వండి, కానీ వరుస చూసుకోండి. కాలిక్యులస్‌తో కలిపి మెకానిక్స్, దాని వెంట డోలనాలు, సాపేక్షత. విద్యుదయస్కాంతత్వం ఒక ఏడాది ఆగినా నష్టం లేదు. క్వాంటం మీద మరీ ఆత్రం ఉంటే రెండే స్థితులున్న వ్యవస్థలతో మొదలుపెట్టించవచ్చు. సంకీర్ణ సంఖ్యలు, రెండు వరుసల మాత్రికలు వస్తే అక్కడ నిజమైన లెక్కలే చేయొచ్చు. హైడ్రోజన్ పరమాణువు జోలికి మాత్రం అప్పుడే వద్దు. అధ్యాయం చదివాక చివరి లెక్కలు చేయించండి. పరిష్కారాల పుస్తకం చూడకుండా సగం చేయగలిగితే తర్వాతి అధ్యాయానికి వెళ్లొచ్చు.