ఉచిత వేడినీళ్లు ఇంకెన్నాళ్లు?

ఎన్నికలు దగ్గరపడగానే ఉచిత పథకాలు దేశాన్ని ముంచేస్తున్నాయని గుండెలు బాదుకునే మన మేధావుల చూపు ఫ్లోరిడా దాకా ఎందుకు పోదో తెలియదు. నవంబరు మధ్య నుంచి మార్చి చివరి దాకా అక్కడ యథేచ్ఛగా సాగే వేడినీళ్ల పంపిణీ మీద ఇంతవరకు ఎవరూ పెదవి విప్పలేదు. లబ్ధిదారులు మనాటీలు, అంటే గడ్డి మేసి బతికే నీటి జంతువులు. ఒక్కొక్కటి మూడు మీటర్ల పొడవు, సుమారు 500 కిలోల బరువు. ఏనుగులకు దూరపు చుట్టాలు. తొండం వదిలేసి ఆకలి మాత్రం ఉంచుకున్నాయి.

ఇంత ఒళ్లున్నవాటికి చలేమిటని అడిగితే, తిమింగలాలకు ఉండేంత కొవ్వు పొర వీటికి లేదని శాస్త్రవేత్తలు వకాల్తా పుచ్చుకుంటారు. నీళ్లు 20 డిగ్రీల కంటే చల్లబడి కొన్నాళ్లు అలాగే ఉంటే జబ్బుపడి చనిపోతాయట. అర్హతకు ఆ ఒక్క ముక్క చాలింది. చలిగాలి తిరగగానే క్రిస్టల్ రివర్‌లోని త్రీ సిస్టర్స్ ఊటలకో, సెయింట్ జాన్స్ నది పక్కనున్న బ్లూ స్ప్రింగ్‌కో బయలుదేరతాయి. అక్కడ నేల అడుగు నుంచి ఏడాది పొడవునా 22 డిగ్రీల నీళ్లు ఊరుతుంటాయి. 2024 జనవరిలో బ్లూ స్ప్రింగ్‌లో ఒక్క రోజు లెక్కపెడితే 932 తేలాయి. క్యూ లేదు, టోకెన్లు లేవు, లాఠీ దెబ్బలు లేవు. అసలు తోపులాటే లేదు. దాన్ని పంపిణీ అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

పైగా ఈ సోమరుల్ని చూడటానికి మనుషులు డబ్బు కట్టి వస్తారు. గుంపులు చిక్కగా ఉండేది సరిగ్గా సంక్రాంతి రోజుల్లో కనుక, ఓర్లాండోలోని మనవాళ్లు స్వదేశం నుంచి వచ్చిన పెద్దల్ని తీసుకెళ్లి అక్కడి చెక్క వంతెన మీద నిలబెడతారు.

"ఇవి ఏం చేస్తాయమ్మా?" అంటారు అత్తగారు, ఓపిగ్గా చాలాసేపు చూశాక.

"ఏమీ చేయవు అత్తయ్యగారూ."

"మరి టికెట్టు ఎందుకు పెట్టారు?"

ఈ ప్రశ్నకు ఏ ఆర్థికవేత్తా జవాబు చెప్పలేదు. క్రిస్టల్ రివర్‌లో అయితే నీళ్లలోకి కూడా దిగనిస్తారు. వణుకు పుట్టకుండా రబ్బరు సూటు తొడుక్కుని, చేతులు దగ్గర పెట్టుకుని, చప్పుడు చేయకుండా తేలాలి. తరమడం, మేపడం, మీదెక్కడం నేరాలు. డబ్బు కట్టినవాడు నోరు మూసుకుని తేలుతుంటే, పైసా కట్టనిది పావుగంటకో ఇరవై నిమిషాలకో ముక్కు పైకెత్తి ఊపిరి పీల్చుకుని మళ్లీ అడుగున పడుకుంటుంది.

ఊటలు చాలక బొగ్గును కూడా వాడుకున్నాయి. టాంపా దగ్గర అపోలో బీచ్‌లోని బిగ్ బెండ్ విద్యుత్ కేంద్రం యంత్రాల్ని చల్లార్చి వేడెక్కిన నీటిని కాలువలోకి వదులుతుంది. మనాటీలు అక్కడ మకాం పెట్టేసరికి, 1986లో కంపెనీయే చూసేవాళ్ల కోసం కేంద్రం తెరిచింది. పొగగొట్టాల కింద అభయారణ్యం అన్నమాట. ఇప్పుడు రాష్ట్రంలోని మనాటీల్లో సగానికి పైగా చలికాలం గడిచేది ఇలాంటి విద్యుత్ కేంద్రాల చలవ వల్లే, అంటే వేడి వల్లే. కేప్ కెనావరల్‌లో 2010లో పాత కేంద్రాన్ని కూల్చి కొత్తది కడుతున్నప్పుడు, అలవాటుపడి వచ్చే ఈ అతిథుల కోసం హీటర్లు పెట్టి మరీ నీళ్లు కాచారు. మన ఊళ్లలో అల్లుళ్లకు సైతం ఈ మర్యాద మూడో ఏడు దాటి నడవదు.

ఇక క్రమశిక్షణ. 2017లో ప్రభుత్వం మనాటీలు కోలుకున్నాయని చెప్పి, ప్రమాద జాబితాలో వాటిని ఒక మెట్టు కిందికి దించింది. నాలుగేళ్లు తిరిగేసరికి, ఒక్క 2021లోనే ఫ్లోరిడాలో దాదాపు 1,100 చచ్చాయి, చాలావరకు ఆకలితో. ప్రభుత్వ ప్రకటనను ఇంత బాహాటంగా ధిక్కరించిన జీవి మరొకటి లేదు. కారణం అడిగితే ఇండియన్ రివర్ లగూన్ అనే తీరపు మడుగులో గడ్డి లేదంటాయి. ఇళ్ల ముందు పచ్చిక మీద చల్లిన ఎరువు, సెప్టిక్ ట్యాంకుల ఊట నీళ్లలో కలిసి నాచు పెరిగింది, నాచు కమ్మి ఎండ తగలక అడుగున గడ్డి చచ్చింది. కాని ఆ ఎరువు జనం సొంత డబ్బుతో కొనుక్కున్నది. ఎవరి పచ్చిక వాళ్లిష్టం. అయినా అధికారులు కరిగిపోయి, అదే కేప్ కెనావరల్ విద్యుత్ కేంద్రం దగ్గర ఒక్క శీతాకాలంలో 90 టన్నులకు పైగా లెట్యూస్ ఆకు వేశారు. ఉచిత స్నానం, ఉచిత భోజనం ఒకే చోట!

బోగస్ లబ్ధిదారుల్ని ఏరేద్దామా అంటే అదీ కుదరదు. పడవల మోటారు రెక్కలు వీపు మీద, తోక మీద కోసిన గాట్లను బట్టి ఏ మనాటీ ఏదో శాస్త్రవేత్తలు గుర్తుపడతారు. ఏ రెండిటి గాట్లూ ఒకలా ఉండవు. వేలిముద్ర పడలేదని మనవాళ్లను రేషన్ షాపు నుంచి తిప్పి పంపినట్టు వీటిని పంపలేం. వీటి ముద్రలు బాగా లోతుగా పడ్డాయి.

ఫ్లోరిడాలో నీళ్లను పద్ధతిగా వాడుకునేవాళ్లే లేరా అంటే ఉన్నారు. జిన్నీ స్ప్రింగ్స్ ఊటల దగ్గర రోజుకు సుమారు 37 లక్షల లీటర్ల దాకా తోడి సీసాల్లో నింపడానికి 2021లో అనుమతి ఇచ్చారు. అది ఉచిత పథకం కాదు, వ్యాపారం. దరఖాస్తు రుసుము 115 డాలర్లు. మనాటీలు కూడా ఆ 115 డాలర్లు కట్టి రసీదు చూపిస్తే, వాటి స్నానానికి నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు.