రంగు పోయింది

"కామెడీ సినిమా నాన్నా, నవ్వలేక చస్తాం" అని చెప్పి మరీ కూర్చోబెట్టాను. 1964లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’. చూడాలి చూడాలి అనుకుంటూనే ఇన్నేళ్లు గడిపేశాను.

మొదటి నిమిషంలోనే నాన్న లేచారు. "ఒరేయ్, టీవీలో రంగు పోయింది."

"లేదు నాన్నా, అది బ్లాక్ అండ్ వైట్ సినిమా."

"1964లోనా? అంతకు ముందేడాదే మన లవకుశ పూర్తి రంగుల్లో వచ్చింది. వీళ్లకి ఆమాత్రం డబ్బుల్లేవా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. టీ పట్టుకుని వంటింట్లోంచి వచ్చేసరికి రిమోట్ ఆయన చేతిలో ఉంది. తెర మీద సగం దాకా మెనూ. అదీ కొరియన్‌లో!

"రంగు కోసం వెతికాను, అంతే."

ఏవో నాలుగు బటన్లు నొక్కితే మెనూ పోయింది. హమ్మయ్య అనుకున్నా.

కథలో పిచ్చెక్కిన జనరల్ ఒకడు అణుబాంబుల విమానాల్ని రష్యా మీదికి తోలేస్తాడు. వెనక్కి పిలిచే కోడ్ వాడికొక్కడికే తెలుసు. నాన్న నావైపు చూశారు. "ఇందులో కామెడీ ఎక్కడుందిరా?"

నేనూ అదే వెతుక్కుంటున్నాను. అంతలో అమెరికా అధ్యక్షుడు రష్యా నాయకుడికి ఫోన్ చేశాడు. అవతలాయన బాగా తాగున్నాడు. మావాడొకడు తెలివితక్కువ పని చేశాడండీ అని ఈయన నసుగుతుంటే, పెళ్లిలో భోజనాలు చాలలేదని వియ్యంకుడికి చెప్పుకుంటున్నట్టే ఉంది. నాన్న పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ అధ్యక్షుడూ, బ్రిటిష్ అధికారీ, చక్రాల కుర్చీలో డాక్టరూ అందరూ పీటర్ సెల్లర్సే అంటే మాత్రం చాలాసేపు నమ్మలేదు.

"అయితే దానవీరశూరకర్ణలో మన రామారావన్నమాట!"

ఇక సినిమా ఆయనదైపోయింది. కోడ్ చెప్పకుండానే జనరల్ బాత్రూంలోకి వెళ్లి కాల్చుకుంటే "ఛీ, వెధవ" అన్నారు. విమానంలోని మేజరొకడు బాంబుని గుర్రంలా ఎక్కి, టోపీ ఊపుకుంటూ కిందికి దిగిపోతుంటే ఈల కూడా వేశారు. చివర్లో తీయటి పాట మీద ప్రపంచమంతా పేలిపోయింది.

అప్పుడొచ్చింది అమ్మ, సీరియల్ కోసం. ఆరోజు నిశ్చితార్థం ఎపిసోడ్. అత్తగారి పట్టుచీర బూడిద రంగు. కోడలిదీ బూడిదే. పసుపూ, కుంకుమా, మామిడాకులూ అన్నీ బూడిదే.

మెనూ తెరిచాను. అంతా కొరియన్. టీవీ సంగతులన్నీ తెలిసిన మేనల్లుడికి ఫోన్ చేస్తే స్విచాఫ్. అమ్మ ఏమీ అనలేదు, నాన్న వైపు చూసిందంతే.

నాన్న చల్లారిన టీ గుక్క వేసి అన్నారు. "నేను మొదట్లోనే చెప్పానా లేదా, రంగు పోయిందని?"