లాగ్‌బుక్కులో నాయకత్వం

కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తోందంటే డిగ్రీ కాలేజీ గోడలకు కొత్త రంగులు పడతాయి. వాటితో పాటే ప్రతి డిపార్టుమెంటు గుమ్మం పక్కన ఒక ఫ్లెక్సీ వెలుస్తుంది. ఈ కోర్సు చదివితే విద్యార్థికి ఏమేం వస్తాయో అందులో వరసగా రాసి ఉంటుంది. విషయ పరిజ్ఞానం, విశ్లేషణ, భావ వ్యక్తీకరణ, ఆఖర్న నాయకత్వ లక్షణాలు. కెమిస్ట్రీ దగ్గరా అదే, కామర్స్ దగ్గరా అదే. ఒకే డీటీపీ సెంటర్లో కొట్టించారేమో అనిపిస్తుంది.

కోర్సుకు అభ్యసన లక్ష్యాలు ఉండాలని యూజీసీ కొన్నేళ్ళుగా చెబుతోంది. 2020 నాటి జాతీయ విద్యా విధానమూ ఆ దారినే పట్టింది. ‘మేం ఏం చెప్పాం’ అన్నది వదిలి, ‘పిల్లలకు ఏం వచ్చింది’ అని అడగడం మంచిదే. మా పేచీ ఆ ఆఖరి మాటతోనే. టైట్రేషన్ వచ్చిందో లేదో ల్యాబులో తేలిపోతుంది. మరి నాయకత్వం సంగతి ఎక్కడ తేలాలి?

తరగతిలో సీఆర్, అంటే క్లాస్ రిప్రజెంటేటివ్ అని ఒకరుంటారు. చాలాచోట్ల లెక్చరరే వేలు చూపించి నిలబెడతారు. పరీక్ష ఫీజు కట్టనివారి జాబితా రాయడం, నోట్సు జిరాక్సు తీయించడం, వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్లు పెట్టడం ఆ సీఆర్ పనులు. ఇవి గుమాస్తా పనులు. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో ఏ ఊరు వెళ్ళాలో, అక్కడ ఏం చేయాలో ముందే ఖాయమై ఉంటుంది. పిల్లలు బ్యానర్ పట్టుకుంటారు. ఇక విద్యార్థి సంఘాల ఎన్నికల మాట ఎత్తకపోవడమే మేలు. ఎలా జరపాలో లింగ్డో కమిటీ 2006లోనే చెప్పినా, మన ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ ఎన్నికలు లేక దశాబ్దాలైంది. గొడవలవుతాయని భయం. ఆ భయం పూర్తిగా తప్పని మేమూ అనలేం. కానీ పద్దెనిమిదేళ్ళకు ఎమ్మెల్యేకు ఓటేయగలిగిన కుర్రాడికి, తన హాస్టల్ మెస్ కమిటీలో ఎవరుండాలో చెప్పే వీలు లేకపోవడం మాత్రం విడ్డూరం.

నిజానికి నాయకత్వం నేర్పే సాధనం ఒకటి మన డిగ్రీలోనే ఉంది. 2020–21లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి సిలబస్‌ను మార్చినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. అందులో మొదటి మెట్టు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. రెండో సెమిస్టర్ అయ్యాక వేసవిలో 180 గంటలు ఊళ్ళో తిరగాలి. ఇల్లిల్లూ సర్వే చేయాలి, సమస్యను గుర్తించాలి, ఊరివాళ్ళతో మాట్లాడాలి, రిపోర్టు రాయాలి. ఆలోచన చాలా మంచిది. శ్రీకాకుళం లాంటి జిల్లాకయితే మరీను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు పడ్డ ఇల్లు, తీరంలో వేట కోసం గుజరాత్ వలస వెళ్ళే కుటుంబం, పొందూరులో మగ్గం, పలాసలో జీడిపప్పు బట్టీ ఏదీ ఈ పిల్లలకు కొత్త కాదు. చాలామందికి అది సొంత ఇల్లే.

మరి జరుగుతున్నదేమిటి? కాలేజీ ఎదుటి జిరాక్సు షాపులో అడిగితే రిపోర్టు రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఊరి పేరు, హాల్ టికెట్ నంబరు మారిస్తే చాలు, స్పైరల్ బైండింగ్‌తో సహా చేతికొస్తుంది. లాగ్‌బుక్కులో 180 గంటలూ ఒకే పెన్నుతో, ఒకే సాయంత్రం నిండిపోతాయి. పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఆ రిపోర్టు ఎవరూ చదవరని వాళ్ళకు సీనియర్లు ముందే చెప్పేశారు.

భాష చిక్కు ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. 2021–22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం. పిల్ల ఊళ్ళో అడిగేది మన యాసలో, ముసలమ్మ చెప్పేది మన యాసలో. రాయాల్సింది మాత్రం ఇంగ్లిష్‌లో. విన్నది విన్నట్టు రాసే వీలు లేనప్పుడు కాపీ కొట్టడం తప్ప ఇంకేం చేస్తుంది? గిడుగు రామమూర్తి పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవర గిరిజనుల భాష వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లల కోసం వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. ఆయన పుట్టిన జిల్లాలో, పక్క ఊరి మాట తెలుగులో రాసి ఇస్తే మార్కులు పడతాయో లేదోనని విద్యార్థికి టెన్షన్. రిపోర్టు తెలుగులో ఇవ్వవచ్చని విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ ఇస్తే ఆ టెన్షన్ పోతుంది.

లెక్చరర్ల వైపు నుంచీ చూడాలి. చాలా ప్రభుత్వ కాలేజీల్లో బోధన గెస్ట్ లెక్చరర్ల భుజాల మీదే నడుస్తోంది. వాళ్ళకు గంటల లెక్కన జీతం. క్లాసుల్లేని వేసవిలో చేతికి పైసా రాదు. ప్రాజెక్టు సరిగ్గా ఆ వేసవిలోనే ఉంటుంది. సొంత పెట్రోలు పోసుకుని ఎండలో ఊరూరా తిరిగి పర్యవేక్షించమని వాళ్ళను ఏ ముఖంతో అడుగుతాం? పర్యవేక్షించిన రోజులకు డబ్బు ఇవ్వాలి. నాయకత్వం అన్న లక్ష్యం నిజంగానే ముఖ్యమైతే, బడ్జెట్‌లో దానికో పద్దు ఉండాలి.

శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో ఒకప్పుడు ఉన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం. 2008లో అది అంబేడ్కర్ విశ్వవిద్యాలయమైంది. పై చదువుకు వాల్తేరు వెళ్ళక్కర్లేకపోవడం ఒక్కటే కాదు, ఈ జిల్లా కష్టసుఖాలు ఇక్కడి చదువులోకి రావాలన్నదీ అప్పటి ఆశ. అందుకే ఈ పని ఎచ్చెర్ల నుంచే మొదలవ్వాలని మా కోరిక. వైవా, అంటే నోటి పరీక్ష, కాలేజీ గదిలో వద్దు, సర్వే చేసిన ఊళ్ళోనే పెట్టండి. విద్యార్థి తాను రాసింది రచ్చబండ దగ్గర చదవాలి, తప్పుంటే ఊరివాళ్ళు దిద్దాలి. మా బోరు నీళ్ళ గురించి రాయలేదేమని ఎవరో నిలదీస్తారు. ఆ ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పినప్పుడు ఆ పిల్లకు వచ్చేది ఫ్లెక్సీలో రాసుకున్న ఆఖరి మాటే. ఏ ఊరు, ఏ సమస్య అన్నది కూడా విద్యార్థుల జట్టే తేల్చుకోవాలి. జట్టుకు పెద్దను లెక్చరర్ కాక జట్టే ఎన్నుకోవాలి. తప్పుడు ఎంపిక చేస్తే చేయనీయండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరీ జీడీ నేలకొరిగాయి, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఎవరికి టార్పాలిన్ అందింది, ఎవరికి అందలేదు అన్న లెక్క అలాంటి రోజుల్లో ఊరి కుర్రకారు నోట్లోనే ఉంటుంది. ఆ లెక్కను కాగితం మీద పెట్టి, మండలాఫీసు మెట్లెక్కి అడగడం డిగ్రీ చదివేవాళ్ళకు ఎవరు నేర్పుతున్నారు?

రెండో సెమిస్టర్ పరీక్షలు అవగానే మళ్ళీ సర్వే ఫారాలు పట్టుకుని పిల్లలు ఊళ్ళలోకి వెళతారు. వరండాలో చింతపండు గింజలు తీసుకుంటున్న అమ్మ ఎవరో తలెత్తి అడుగుతుంది: ‘ఇదంతా రాసుకెళ్ళి ఏటి సేత్తారమ్మా?’ ఆమెకు చెప్పాల్సిన జవాబు పిల్లల చేతిలో పెట్టి పంపాల్సింది విశ్వవిద్యాలయం. పరీక్షల టైంటేబుల్ రాకముందే ఆ సర్క్యులర్ రావాలి.