ఉగాది బల్ల మీద తిప్పతీగ మాత్రలు

మొన్నటి ఉగాది వేడుకలో పచ్చడి పంచే బల్ల పక్కనే ఇంకో బల్ల వేసి, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లందరి చేతిలో తిప్పతీగ మాత్రల సీసా పెట్టారు. 'ఇమ్యూనిటీ పెరుగుద్ది, మూలికే కదా, ఏం కాదు' అన్నారు. పంచినవాళ్ల మనసు మంచిదే. కానీ 'ఇప్పుడేం మందులు వాడుతున్నారు' అని ఒక్కరినీ అడగలేదు. బాధంతా అక్కడే.

2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇచ్చిన మూలికల మందు కోసం జనం ఎలా ఎగబడ్డారో నెల్లూరోళ్లం మరిచిపోలేదు. అప్పుడు కూడా మే 31న ప్రభుత్వం కొన్ని నోటిమందులకు ఒప్పుకుని, కంటి చుక్కలను ఆపింది. మూలికైనా ఎవరికి, ఎలా ఇస్తున్నామన్నది చూడాల్సిందే.

ఇమ్యూనిటీ చెరువులో నీళ్లు కాదు, ఎంత నిండితే అంత మేలనుకోడానికి. హషిమోటో థైరాయిడ్, లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లలో రక్షక కణాలు సొంత ఒంటి మీదికే తిరగబడతాయి. తిప్పతీగకు ఆ కణాలను రెచ్చగొట్టే గుణం ఉంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు టాక్రోలిమస్ మింగేది వాటిని అణచడానికే. రెండూ కలిపి వేసుకుంటే ఒకటి అణచేదాన్ని ఇంకోటి లేపుతుంది.

తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను మన దేశపు వైద్యులే 2022లో ప్రచురించారు. అది అదే జాతికి చెందిన వేరే తీగ అయ్యుంటుందని ఆయుష్ శాఖ వాదన. అలాగే అనుకున్నా, పొడి అయిపోయిన తీగ ఏదో సీసా చూసి ఎవరు చెప్పగలరు?

అమ్మ పెట్టే మిరియాల చారు మీద నాకు ఫిర్యాదేం లేదు. గ్లాసు పాలలో పావు చెంచా పసుపు కూడా వంట కిందే లెక్క. పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్ సారానికి మిరియాల నుంచి తీసిన పైపెరిన్ జోడించిన గోలీ మాత్రం మందే. పైపెరిన్ కర్క్యుమిన్‌ను రక్తంలోకి చాలా ఎక్కువగా ఎక్కిస్తుంది, రక్తంలో కొన్ని ఇతర మందుల స్థాయినీ పెంచేస్తుంది.

కాబట్టి ఆ సీసా తెచ్చుకున్నవాళ్లు డాక్టరుకు చూపించేదాకా మూత తీయకండి. ఇప్పటికే వాడుతూ ఉంటే, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, అన్నం సయించకపోయినా వెంటనే ఆపి లివర్ ఫంక్షన్ పరీక్ష చేయించండి. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే డాక్టరుకు చెప్పి మానండి. ఒంగోలు నుంచో కావలి నుంచో కషాయం పొడి తెప్పించుకునేవాళ్లు పొట్లం మీద దినుసుల పేర్లన్నీ, దంచిన తేదీ రాయించండి. వట్టి 'కషాయం పొడి' అని ఉంటే ఎమర్జెన్సీ డాక్టరుకు అందులో ఏముందో తెలిసే దారి లేదు.